కాలరు గుండీ పట్టలేదు

కింది దవడలో ఎడమ పక్క, చివరి నుంచి రెండో పన్ను. దానికి పుప్పి పట్టి ఎన్నేళ్లయిందో మా ఆయనకే లెక్క లేదు. మా పడమటి ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు మామూలే. ఇంటింటా అవే పళ్లు కాబట్టి ఎవరి నోట్లో ఏ పన్ను ఎట్టుందో పట్టించుకునేవాళ్లు తక్కువ. నొప్పి లేస్తే దూదిని లవంగ నూనెలో ముంచి పెట్టుకుంటారు. కొందరు ముక్కుపొడి కూరుకుంటారు. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక ముసలావిడ ఉండేది. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగను గొట్టంతో నోట్లోకి పట్టించి, నీళ్ల పళ్లెంలో తెల్లగా ఏవో చూపించి "ఇయ్యే పురుగులు, రాలిపొయినయ్" అనేది. జనం పావలా చేతిలో పెట్టి నమ్మకంగా ఇంటికి పోయేవాళ్లు. పంట్లో పురుగులు ఉండవు. మనం తిన్న తీపిని నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారిస్తే, ఆ ఆమ్లానికి పన్ను కరుగుతుంది. ఈ ముక్క నేను తర్వాత నేర్చుకున్నాను.

మా ఆయన ఆర్టీసీ కండక్టరు, మార్కాపురం నుంచి ఒంగోలు సర్వీసు. ఆ ఏడు మాఘమాసంలో పెళ్లిళ్లు ఎక్కువ, బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. సెలవు అడిగితే మనుషులు లేరన్నారు. రాత్రిళ్లు నొప్పి. వేడి టీ తగిలితే గిలగిల్లాడేవాడు, చల్లని నీళ్లు పుక్కిట పట్టుకుంటే కాసేపు తగ్గేది. చెంబు పక్కన పెట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు. ఒకరోజు తెల్లారి లేచి, "ఏమ్మే, పొయిందే నొప్పి, బొత్తిగా లేదు" అన్నాడు. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ పూట జొన్నరొట్టె ఆ పక్కనే నమిలి మరీ చూపించాడు.

నొప్పి పోయిందంటే పన్ను బాగుపడినట్టు కాదట. లోపలి నరం చచ్చిపోయిందన్నమాట. చెప్పే నరం పోయాక లోపల ఏం జరుగుతుందో తెలియదు. సూక్ష్మజీవులు వేరు కొస దాటి ఎముకలోకి దిగి, అక్కడ చీము పడుతుంది. పన్ను పోటు పెట్టి, దానంతటదే ఆగిపోతే అప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలని నేను ఇప్పుడు కనపడ్డవాళ్లందరికీ చెప్తున్నాను. విన్నవాళ్లు తలూపుతారు. ఎంతమంది వెళ్తారో నాకు తెలుసు.

కొన్నాళ్లకు దవడ కింద చిన్న వాపు కనపడింది. మా అత్త చూసి గవదబిళ్లలన్నది. బీరువాలోంచి నా గొలుసు తీసి కొడుకు మెడలో వేసింది. గవదలకు బంగారం వేస్తే తగ్గుతాయని మా వైపు నమ్మకం. ఉప్పు మూటతో కాపడం కూడా పెట్టింది. వాపు మీద వేడి పెట్టకూడదని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మర్నాడు చలిజ్వరం. మా వీధి ఆర్‌ఎంపీ వచ్చి రెండు సూదులు వేశాడు. నొప్పికొకటి, వాపుకొకటి. సాయంత్రానికి మొహం తేటపడింది, వాపు సగానికి దిగింది. పొద్దున్నే డ్యూటీకి పోయాడు. ఆ వాపు సూది ఏ మందో తర్వాత ఆసుపత్రిలో అడిగితే, సీసా పేరు మా అబ్బాయి గుర్తు తెచ్చుకుని చెప్పాడు, డెక్సా. అది స్టెరాయిడ్. వాపునూ జ్వరాన్నీ పైకి కనపడకుండా అణుస్తుంది, చీమును మాత్రం ఏమీ చేయదు. పైగా ఒంట్లో చక్కెరను పెంచుతుంది. మా ఆయనకు షుగరు ఉన్నదని అప్పటికి మాకు తెలియదు.

ఇక కాలరు సంగతి. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. ఆయన ఖాకీ చొక్కాలన్నీ నా చేతివే. మెడ కొలత నాకు నోటికి వచ్చు, పదిహేనున్నర అంగుళాలు, గాలి ఆడేందుకు ఒక వేలు వదులు. ఆ సూది వేయించుకున్న తర్వాత రెండో పూటో మూడో పూటో, డ్యూటీకి తయారవుతూ అద్దం ముందు నిలబడి పై గుండీతో కుస్తీ పడుతున్నాడు. "చొక్కా కుంచించుకుపొయింది, ఏం గుడ్డ తెచ్చినవే" అన్నాడు. అది ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చొక్కా. కుంచించుకుపోయే వయసు కాదు దానిది. నేను మిషను మీదున్న టేపు తెచ్చి మెడ చుట్టూ వేశాను. పదహారు ముప్పావు. నాకు నమ్మకం కుదరక మళ్లీ వేశాను. వాపు ఎడమ పక్కే అనుకున్నాం గానీ, గడ్డం కింద నుంచి కుడి పక్కకు కూడా పాకింది. వేలితో నొక్కాను. మామూలు వాపయితే సొట్ట పడుతుంది, మెత్తగా ఉంటుంది. ఇది మిషను బల్ల చెక్క నొక్కినట్టుంది. ఎక్కడా లోపలికి పోలేదు.

డ్యూటీకి పోనీలేదు. "బ్యాగు ఇచ్చేసి వస్తా, లేకపోతే మెమో ఇస్తారు" అంటే మా అబ్బాయిని పంపి డిపోలో చెప్పించాను. మధ్యాహ్నం మళ్లీ టేపు వేస్తే ఇంకో అర అంగుళం పెరిగింది. నా గుండెలో దడ అప్పుడు మొదలైంది. ఆ తర్వాత ఒక్కొక్కటీ కంటికి ఆనుతున్నాయి. మాట మారింది. బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతు ఆయనది. అది నోట్లో వేడి వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు వస్తోంది. నోరు తెరవమంటే ఒక వేలు పట్టే సందు కూడా లేదు. నీళ్లిస్తే మింగలేక నా కొంగు మీద వదిలేశాడు. ఉమ్ము కూడా మింగలేకపోతున్నాడు, మూతి పక్కగా కారిపోతుంటే తువ్వాలు పట్టుకుని కూర్చున్నాడు. పడుకోమంటే పడుకోడు. వెల్లకిలా ఒరిగితే ఊపిరి ఆడటం లేదని చేత్తో సైగ చేశాడు. మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి, మెడ ముందుకు చాపి, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు.

మా అత్త ఇంకా తేలిగ్గానే ఉంది. "పంటి నొప్పికి పొయినోళ్లు యాడన్నా ఉన్నారా? నువ్వు ఊరకే గాబరా పడబాక" అన్నది. ఆమెను తప్పుపట్టను. ఎనభై ఏళ్లు బతికిన మనిషి, పంటి వల్ల పోయారని ఎవరినీ చెప్పుకోగా వినలేదు. పాత రోజుల్లో ఇట్టా పోయినవాళ్లను గొంతు వాచి పోయారనో, గాలి సోకి పోయారనో చెప్పుకునేవాళ్లని నేను అనుకుంటాను.

సాయంత్రం ఆటోలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బజార్లో చిన్న క్లినిక్, ఆయన కుర్రాడే. ముందు పేరూ ఊరూ రాసుకోబోయి, మా ఆయన్ను చూసి పెన్ను కింద పెట్టేశాడు. కుర్చీలో పడుకోబెట్టలేదు. నిలబడే టార్చి వేసి ఆ ఇరుకు సందులోంచి చూశాడు. నాలుక పైకి లేచి అంగిటికి ఆనుకుంది, దాని కింది నేల ఎర్రగా ఉబ్బి ఉంది. ఆయన నా వైపు తిరిగి, "అమ్మా, ఇది ఇక్కడ పన్ను పీకి పంపించే పని కాదు. ఇంకా ఊపిరి ఆడుతున్నప్పుడే పెద్దాసుపత్రికి చేరాలి. ఐసీయూ ఉండాలి, మత్తు డాక్టరు ఉండాలి, గొంతు డాక్టరు ఉండాలి. దారిలో ఏమీ తాగించొద్దు, పడుకోబెట్టొద్దు" అన్నాడు. తనే 108కి ఫోన్ చేశాడు. ఒక చీటీ రాసి ఇచ్చాడు. నేను అది పళ్ల మందుల చీటీ అనుకున్నాను. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు.

2005లో మన రాష్ట్రంలో 108 వచ్చిన కొత్తలో మా ఊళ్లో దాన్ని ప్రమాదాల బండి అనేవాళ్లు. పంటికి ఆ బండి ఎక్కుతామని ఎవరనుకుంటారు? లోపల ఉన్న అబ్బాయి స్ట్రెచరు తల వైపు పూర్తిగా ఎత్తి, ఆక్సిజన్ మాస్కు పెట్టి, వేలికి క్లిప్పు తగిలించాడు. పొదిలి దాటాక రోడ్డు బాగాలేని చోట మా ఆయన నా చెయ్యి పట్టుకున్న పట్టు గుర్తుంది. ఇన్నేళ్లూ టిక్కెట్లు కొడుతూ తిరిగిన రోడ్డే అది. ఏ స్టేజీ వచ్చిందో కిటికీలోంచి చూడకుండానే ఆయనకు తెలుస్తుంది. ఆ రాత్రి కళ్లు మూసుకునే ఉన్నాడు.

ఒంగోలులో క్యాజువాల్టీ కౌంటరు దగ్గర కూర్చున్నాయన, "ఏం కేసు?" అని అడిగాడు. పన్ను వాచిందని చెప్పాను. అదే నా నోటికి వచ్చింది. "పళ్ల ఓపీ రేపు తొమ్మిదింటికమ్మా, ఇప్పుడు డాక్టరుండరు" అని వెనక ఉన్నవాళ్లను పిలిచాడు. అప్పుడు చీటీ గుర్తొచ్చి చేతికిచ్చాను. ఆయన చదివి లేచి నిలబడ్డాడు. పంటి మాట ఆ చీటీలో మొదటి వరుసలో లేదట. శ్వాసకు అడ్డు, నాలుక పైకి లేచింది, రెండు పక్కలా వాపు అని ముందు రాసి, పన్ను సంగతి చివర రాశాడట ఆ కుర్ర డాక్టరు. ఇట్టాంటి కేసుతో ఎక్కడికి పోయినా "ఊపిరి ఆడటం లేదు, ఉమ్ము మింగలేకపోతున్నాడు" అని మొదట అనాలి, పన్ను తర్వాత చెప్పుకోవచ్చు. ఎవరో నేర్పితే వచ్చే మాట కాదు ఇది, ఆ కౌంటరు ముందు నిలబడితే వస్తుంది.

లోపలికి తీసుకున్నాక ముందు ఈసీజీ తీశారు. పంటికొస్తే గుండె చూస్తారేందని నాకు కోపం వచ్చింది. ఎడమ దవడ నొప్పి, చెమటలు, యాభై దగ్గరపడ్డ మగమనిషి అంటే గుండెపోటు కాదని తేల్చుకోవాలట. గుండె నొప్పి కొందరికి దవడలోనే తెలుస్తుందట. అది బాగానే ఉంది. వేలి మీద పొడిచి చూసిన షుగరు మాత్రం నాలుగు వందలకు దగ్గరగా ఉంది.

మెడకు సీటీ స్కాన్ తీయాలన్నారు. స్కానుకు వెల్లకిలా పడుకోవాలి. మత్తు డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఇతన్ని పడుకోబెడితే స్కాన్ గదిలోనే ఊపిరి ఆగుతుంది. ముందు గాలికి దారి, తర్వాతే ఏదైనా" అన్నది. ముక్కులోంచి సన్న కెమెరా గొట్టంతో చూస్తే లోపల అంతా ఉబ్బి దారి దొరకలేదు. మామూలుగా మత్తిచ్చి నోట్లోంచి గొట్టం వేద్దామంటే నోరు తెరుచుకోదు, మత్తు ఎక్కాక కండరాలు సడలి నాలుక వెనక్కి పడితే ఉన్న కాస్త సందూ మూసుకుపోతుంది. అందుకని మెలకువగా ఉండగానే, కూర్చోబెట్టి, గొంతు ముందు చర్మానికి మాత్రం మత్తు సూది ఇచ్చి, గాలిగొట్టానికి కన్నం పెడతామన్నారు. సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. ప్రాణాపాయం అన్న మాట అందులో ఉంది. మా అబ్బాయి ఇంటరు చదువుతున్నాడు, వాడు చదివి వినిపించలేక కాగితం నా చేతికిచ్చాడు. నేను చదువుకుని సంతకం పెట్టాను.

ఆ తలుపు బయట నేను వేరే ఏమీ ఆలోచించలేదు. దేవుడికి మొక్కుకున్నానా అంటే అదీ లేదు. ఎదురు గోడ మీద పరిశుభ్రత బోర్డు ఉంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా, మళ్లీ మొదటి నుంచి చదువుతూ కూర్చున్నాను.

గాలికి దారి దొరికాక పూర్తి మత్తు ఇచ్చి గడ్డం కింద రెండు పక్కలా కోసి చీము వదిలారు. కోసిన చోట్ల రబ్బరు గొట్టాలు పెట్టారు. ఆ పన్ను కూడా తీసేశారు. చీము దుర్వాసన గది బయటికి కూడా వచ్చిందని నర్సమ్మ చెప్పింది. ఈ జబ్బుకు లుడ్విగ్స్ ఆంజైనా అని పేరు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు దీన్ని వివరంగా రాసిపెట్టాడట. పెన్సిలిన్ రాకముందు ఇది వచ్చినవాళ్లలో సగం మందికి పైగా పోయేవాళ్లట. చాలామందిని చంపింది చీము విషం కంటే ముందు ఊపిరాడకపోవడం.

ఈ పన్నే ఎందుకు ఇంత పని చేసిందని తర్వాత ఆ మార్కాపురం పళ్ల డాక్టర్నే అడిగాను. కాగితం మీద దవడ బొమ్మ గీసి చూపించాడు. నోటి అడుగున నాలుకను మోస్తూ ఒక పల్చని కండరం దవడ ఎముక లోపలి పక్కన అతుక్కుని ఉంటుంది. ముందు పళ్ల వేళ్ల కొసలు ఆ కండరానికి పైన ఉంటాయి, వాటి చీము నోట్లోకే పగులుతుంది. వెనక దవడ పళ్ల వేళ్లు కండరం గీతకు కిందికి దిగి ఉంటాయి. వాటి చీము నోట్లోకి రాకుండా మెడ వైపు దిగి, గడ్డం కింద ఒక పక్క నుంచి రెండో పక్కకు, నాలుక కిందికీ పాకుతుంది. పైకి పోవడానికి నాలుక ఒక్కటే ఉంది కాబట్టి దాన్ని ఎత్తి గొంతుకు అడ్డం నెడుతుంది. షుగరు అదుపులో లేనివాళ్లలో ఈ పాకడం ఇంకా వేగం. యాంటీబయాటిక్ బిళ్లలు పన్ను లోపలికి చేరవు, ఎందుకంటే నరంతో పాటు రక్తం దారీ పోయింది. కాబట్టి బిళ్లలతో వాపు తగ్గినా, ఆ పన్నుకు రూట్ కెనాల్ చేయించడమో తీయించడమో జరగకపోతే అది మళ్లీ వస్తుంది.

ఐసీయూలో మా ఆయనకు మాట లేదు. గాలి గొంతు కన్నంలోంచే పోతుంది, మాట పుట్టే చోటికి చేరదు. రోజంతా అరిచి టిక్కెట్లు కొట్టే మనిషికి అది ఎంత కష్టమో. మా అబ్బాయి ఇంటికి పోయి పలక తెచ్చాడు. మార్కాపురం పలకలంటే ఒకప్పుడు దేశమంతా పోయేవి, మాది ఆ ఊరే కదా, పాతది ఒకటి అటక మీద ఉంది. తొలిసారి సుద్దముక్క చేతికిస్తే వంకర అక్షరాలతో రాశాడు, "బ్యాగు, టిమ్ము అప్పగించారా?" టిమ్మంటే టిక్కెట్లు కొట్టే మిషను. నేను తలూపాను. "చిల్లర?" అని రాశాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్క మంచం దగ్గరి నర్సమ్మ కూడా చదివి నవ్వింది. తర్వాత చాలా రాశాడు. గొంతు కన్నంలోంచి కఫం లాగే గొట్టం పెట్టినప్పుడు ఎంత భయమో రాశాడు. ఒక రాత్రి "కళ్లు మూస్తే 108లో ఉన్నట్టుంది" అని రాసి వెంటనే చేత్తో చెరిపేశాడు. ముక్కు గొట్టంలోంచి పాలు, జావ. రోజుకు ఇన్నిసార్లని ఇన్సులిన్. కోసిన చోట కట్లు మార్చేటప్పుడు నన్ను బయటికి పంపమని సైగ చేసేవాడు.

వాపు తగ్గాక గొంతు గొట్టం తీశారు. ఆ కన్నం దానంతటదే పూడుకుంది. తొలి మాట బొంగురుగా వచ్చింది. ఏమన్నాడో చెప్పను, అది మా ఇద్దరిది. గడ్డం కింద రెండు గాట్లు, గొంతు మీద ఒక మచ్చ మిగిలాయి. ఖర్చు సంగతి చెప్పాలంటే మందులకు, మా రాకపోకలకు, ఆయన డ్యూటీకి పోని నెలలకు కలిపి నా దగ్గరున్న గొలుసు తాకట్టు పెట్టాం, గవదలకు వేసిన గొలుసే. ఆ పుప్పి మొదట్లో పూడిపించుకుంటే కొన్ని వందలతో పోయేది. ఆర్‌ఎంపీ మా ఇంటికి పలకరింపుకు వచ్చాడు. నేను మాట్లాడలేదు. మా అత్త టీ ఇచ్చింది.

ఆ తర్వాత మా ఇంటి ముందు జరిగింది ఇంకోటి ఉంది. ఎదురింట్లో ఆరో తరగతి పిల్లవాడికి క్రికెట్ బంతి తగిలి ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. వాళ్లమ్మ కొంగుతో నోరు అదిమి ఏడుస్తోంది, పన్నును ఎవరూ చూడటం లేదు. మా ఆయనకు చికిత్స అయ్యాక క్లినిక్కుకు పోయినప్పుడల్లా అక్కడి గోడ మీద చిత్రాలు చూస్తూ నేను నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. పన్నును తెల్లగా కనపడే వైపు పట్టుకుని తీశాను, వేరును తాకలేదు, రుద్దలేదు. ఒక్కసారి పాలతోనే కడిగి, గిన్నెలో చల్లటి పాలు పోసి అందులో వేశాను. నీళ్లలో వేస్తే వేరు మీది కణాలు చచ్చిపోతాయి, ఆరిపోతే ఇంకా త్వరగా పోతాయి. అరగంట లోపు డాక్టరు దగ్గరున్నాం. ఆయన దాన్ని తిరిగి గూట్లో కూర్చోబెట్టి పక్క పళ్లకు తీగతో కట్టాడు. పాలపళ్లయితే ఇట్టా తిరిగి పెట్టరు, కింద పెరుగుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది. వీడికి వచ్చినవి అసలు పళ్లే.

మా ఆయన మళ్లీ డ్యూటీలో ఉన్నాడు. కాలరు పై గుండీ విప్పే ఉంచుతాడు, మచ్చ మీద ఒరుసుకుంటుందని. డిపోలో ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చి నోరు తెరిచి చూపించేవాళ్లు ఎక్కువయ్యారు. ఆయన అడిగేవి కొన్నే. మూడు వేళ్లు నిలువుగా పెడితే నోట్లో పడుతున్నాయా? ఉమ్ము మింగుడు పడుతోందా? జ్వరం ఉందా? వాపు కంటి వైపు పోతోందా, మెడ వైపా? ఈ మధ్య ఒక డ్రైవరు పై పన్ను చీముతో చెంప వాచి, పొద్దుటికి కింది రెప్ప కూడా ఉబ్బి వచ్చాడు. పై పళ్ల చీము కంటి వెనకగా మెదడు దాకా పోవచ్చని మాకు తెలుసు. బండి ఎక్కొద్దని మా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. కంట్రోలరు కేకలేశాడు, సర్వీసు ఆగిపోతుందని. మా ఆయన కాలరు ఇంకాస్త పక్కకు లాగి మచ్చ చూపించి, "నువ్వు సంతకం పెట్టి పంపు సార్, ఏమన్నా అయితే నీ సంతకమే చూపిస్తాం" అన్నాడట. డ్రైవరుకు సెలవిచ్చారు. ఆ సర్వీసు గంట ఆలస్యంగా బయల్దేరింది, వేరే డ్రైవరుతో.